మొక్క మంచిదే, మాటే జాగ్రత్త: చైనా ఎర్ర వేరు మా ఇంట్లో నేర్పిన పాఠం



పైన పెట్టిన వీడియో మనం మామూలుగా పెట్టే పొలం వీడియో కాదు. జీవామృతం కలపడాలు, ఆచ్ఛాదన వెయ్యడాలు ఇందులో ఉండవు. నేను, మా బావగారు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం, అంతే. వీడియోలో చెప్పడానికి వీలుపడనివి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే. మీ ఇంట్లో గుండె జబ్బుకి మందులు వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం దయచేసి చివరిదాకా చదవండి.

ముందు జరిగింది చెప్తాను.

మా బావగారికి ఏడేళ్ళ కిందట గుండెలో వాల్వ్ మార్చారు. లోహంతో చేసిన వాల్వ్. అది ఉన్నవాళ్ళకి రక్తం గడ్డలు కట్టకుండా జీవితాంతం మాత్ర వెయ్యాలి. ఆయన వేసేది వార్ఫరిన్. నెలకోసారి పీటీ ఐఎన్‌ఆర్ అని రక్తపరీక్ష చేయించుకుంటారు. ఆయనకి ఆ అంకె 2.5 నుంచి 3.5 మధ్యలో ఉండాలని డాక్టరు చెప్పారు. తగ్గితే గడ్డ కడుతుంది, పెరిగితే రక్తస్రావం. సన్నటి గట్టు మీద నడక లాంటిది.

మా మేనల్లుడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి వస్తూ అక్కడి చైనా మందుల షాపులో నాన్న కోసం ఒక పాకెట్ కొనుక్కొచ్చాడు. ఎండబెట్టి పల్చగా బిళ్ళల్లా కోసిన వేరు ముక్కలు. పైన ఇటుక రంగు. పేరు డాన్‌షెన్. అక్కడ గుండెకి, రక్తప్రసరణకి తరతరాలుగా వాడతారట. పిల్లాడు ప్రేమగా తెచ్చాడు కదా అని బావగారు రోజూ పొద్దున, సాయంత్రం కాచి తాగడం మొదలుపెట్టారు.

మూడో వారంలో పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చి ఆగలేదు. మోచేతి కింద, తొడ మీద కమిలిపోయిన మచ్చలు. దెబ్బ తగిలిందీ లేదు. అక్క ఫోన్ చేసి "ఒరే తమ్ముడూ, మీ బావ చెయ్యి చూస్తుంటే భయమేస్తోందిరా" అంది. కారేసుకుని వెళ్ళాను. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే ఐఎన్‌ఆర్ 7 దాటింది. మాత్ర ఆపి, మూడు రోజులు ఉంచుకుని, అంకె కిందికి దిగాక పంపించారు. ఆ రక్తస్రావం చిగుళ్ళలో కాకుండా మెదడులో అయ్యుంటే ఈ వీడియోలో ఆయన నా పక్కన ఉండేవారు కాదు.

డాక్టరు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే బావగారు "లేదండీ" అన్నారు. అబద్ధం చెప్పలేదు. కషాయం ఆయన లెక్కలో మందు కాదు. పక్కనున్న అక్క చెప్తేనే బయటపడింది.

ఆ రాత్రి ఆస్పత్రిలో నేను ఊరుకోలేక "బావా, తాగే ముందు ఒక్కమాట ఎవర్నైనా అడగాల్సింది కదా" అన్నాను. ఆయన కోప్పడలేదు. నవ్వి, "నువ్వే చెప్పావు కదయ్యా తెల్లమద్ది వీడియోలో. మొక్క నుంచి వచ్చేదానికి సైడ్ ఎఫెక్ట్ ఎక్కడిది అని. ఇదీ వేరే కదా" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నిజంగానే అన్నాను. కెమెరా ముందు నిలబడి, చెట్టు మీద చెయ్యేసి, ధీమాగా అన్నాను. ఆ వీడియో ఇప్పుడు తీసేశాను. తీసేస్తే సరిపోదు, చూసినవాళ్ళందరికీ సమాధానం చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ వేరులో ఏముంది?

డాన్‌షెన్ మన తులసి, పుదీనా కుటుంబం మొక్కే. ఊదారంగు పూలు పూస్తుంది. వేరు ఎర్రగా ఉంటుంది కాబట్టే ఆ పేరు, చైనా భాషలో డాన్ అంటే ఎరుపు. వాళ్ళ అతి ప్రాచీన ఔషధ గ్రంథం షెన్‌నోంగ్ బెన్‌త్సావ్‌లోనే దీని ప్రస్తావన ఉంది. వాళ్ళ వైద్యంలో రక్తం నిలిచిపోవడం అనేది ఒక పెద్ద భావన. నిలిచిన రక్తాన్ని కదిలించే మూలికల్లో దీన్ని ముందు వరసలో పెడతారు.

ఇప్పటి శాస్త్రం ప్రకారం ఆ వేరులో రెండు రకాల పదార్థాలు ముఖ్యం. ఒకటి టాన్షినోన్లు. వేరుకి ఎర్ర రంగు ఇచ్చేవి ఇవే. ఇవి నీళ్ళల్లో సరిగ్గా కరగవు, ఆల్కహాల్ లాంటివాటిలో కరుగుతాయి. రెండోది సాల్వియనోలిక్ ఆమ్లాలు. ఇవి నీళ్ళల్లో కరుగుతాయి. అంటే ఒకే వేరుని కాస్తే ఒక మందు, సారాయిలో నానబెడితే ఇంకో మందు. మన పసుపులో కుర్కుమిన్ నీళ్ళల్లో కరగక నూనెలో కరిగినట్టే అనుకోండి.

ఇక మా బావగారికి జరిగింది కొత్త సంగతేం కాదు. వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు డాన్‌షెన్ తాగితే రక్తం మరీ పల్చబడిపోతుందని 1990ల్లోనే హాంగ్‌కాంగ్ డాక్టర్లు కేసులతో సహా వైద్య పత్రికల్లో రాశారు. ఈ వేరు వార్ఫరిన్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. దానికి తోడు ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్నీ తగ్గిస్తుంది. రెండు వైపుల నుంచీ పల్చబడుతుంది.

ఇక్కడ ఒక్కసారి ఆలోచించండి. ఏ గుణం వల్ల ఇది గుండెకి మంచిదని పేరొచ్చిందో ఆ గుణమే మా బావగారిని ఆస్పత్రికి పంపింది. పనిచేసే మందుకి పక్కపని కూడా ఉంటుంది. సైడ్ ఎఫెక్టే లేదు అంటే, పనే చెయ్యదని చెప్పినట్టు.

బావగారి మాత్రా గడ్డిలోంచి పుట్టిందే

ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. 1920ల్లో అమెరికా, కెనడాల్లో స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం బూజుపట్టి, అది తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం కారి చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన మంచు తుఫానులో చచ్చిపోయిన పెయ్యనీ, ఒక పాల క్యాన్ నిండా గడ్డకట్టని రక్తాన్నీ, ఆ గడ్డినీ బండిలో వేసుకుని యూనివర్సిటీకి పోయాడు. అక్కడ కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ళ తరబడి పనిచేసి ఆ గడ్డిలోని పదార్థాన్ని విడదీసింది. దాని వారసుడే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చింది, 1954లో మనుషుల మందయ్యింది.

కాబట్టి మనం ఒకపక్క, ఇంగ్లీషు మందులు ఒకపక్క అని గీత గీయడం నాకిప్పుడు అర్థం లేనిదిగా కనిపిస్తోంది. రెండూ మొక్కలోంచే వచ్చాయి. ఒకదాన్ని తూచి, కొలిచి, పరీక్ష చేసి ఇచ్చారు. ఇంకోదాన్ని చారెడు అని ఇచ్చారు. తేడా అక్కడుంది.

చైనా వాళ్ళు చేసిన మంచి పని

ఇదంతా చదివి చైనా మూలికలన్నీ బూటకం అనుకోకండి. నేను చెప్పేది దానికి పూర్తి వ్యతిరేకం.

మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ చాలామందికి తెలుసు. తు యుయు అనే శాస్త్రవేత్త పాత గ్రంథాలు వెతుకుతూ 4వ శతాబ్దంలో గే హోంగ్ రాసిన పుస్తకంలో ఒక పద్ధతి చూశారు. అందులో ఆ మొక్కని కాచమని లేదు, నీళ్ళల్లో నానబెట్టి పిండి తాగమని ఉంది. వేడికి గుణం పోతోందేమో అని ఆమెకి తట్టింది. 1971లో తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీశారు, పనిచేసింది. ముందు తన మీద, తన బృందం మీద పరీక్షించుకున్నారు. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పాత గ్రంథం దారి చూపింది, ల్యాబు రుజువు చేసింది.

గుండె విషయానికి వద్దాం. టోంగ్‌షిన్‌లువో అని ఒక చైనా క్యాప్సూల్ ఉంది. అందులో జిన్‌సెంగ్, చందనం, సాంబ్రాణి జాతి జిగురుతోపాటు జలగ, తేలు, జెర్రి కూడా ఉంటాయి! వింటే మన అమ్మమ్మలు కూడా ముఖం చిట్లిస్తారు. కానీ వాళ్ళు దాన్ని 124 ఆస్పత్రుల్లో 3,777 మంది గుండెపోటు రోగుల మీద పరీక్షించారు. సగం మందికి అసలు క్యాప్సూల్, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి క్యాప్సూల్. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. నెల రోజుల్లో మరణం, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు ఉత్తుత్తి క్యాప్సూల్ వాళ్ళలో 5.2 శాతం మందికి, అసలుది తీసుకున్నవాళ్ళలో 3.4 శాతం మందికి వచ్చాయి. ఏడాదికి చూస్తే 8.3, 5.3 శాతం. 2023లో జామా అనే పెద్ద వైద్య పత్రికలో అచ్చయ్యింది.

అదే ఏడాది ఛీలీ ఛియాంగ్‌షిన్ అనే ఇంకో మందు ఫలితాలూ వచ్చాయి. గుండె నీరసించి పంపింగ్ తగ్గినవాళ్ళకి ఇచ్చేది. 11 రకాలు కలుస్తాయి, వాటిలో మన డాన్‌షెన్ ఒకటి. 3,110 మంది రోగులు. గుండె జబ్బుతో చనిపోవడం, లేదా గుండె మరీ నీరసించి ఆస్పత్రి పాలవడం మందు తీసుకున్నవాళ్ళలో 25 శాతం, తీసుకోనివాళ్ళలో 30 శాతం.

ఇప్పుడు అసలు మాట. దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి. ఈ రెండు పరీక్షల్లోనూ రోగులందరికీ మామూలు గుండె వైద్యం ఇస్తూనే, దాని మీద అదనంగా మూలిక మందు ఇచ్చారు. మాత్రలు ఆపేసి వేరు తాగమని ఎవరూ చెప్పలేదు. రక్తపరీక్షలు చేస్తూ, కనిపెట్టుకుని ఉన్నారు. వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో 'చైనా మూలికతో స్టెంట్ అక్కర్లేదు' అన్న ముక్క మాత్రమే వస్తుంది. ఈ ముక్క రాదు.

ఈ పరీక్షలు చైనా ఆస్పత్రుల్లో జరిగాయి. మిగతా దేశాల్లోనూ జరిగి ఇవే ఫలితాలొస్తేనే పూర్తి నమ్మకం కుదురుతుంది. అయినా మూడేసి వేల మంది మీద పరీక్షకి నిలబడ్డ ధైర్యానికి నేను దండం పెడతాను.

మన తెల్లమద్ది సంగతి చూడండి. 1995లో 12 మంది రోగుల మీద చేసిన చిన్న పరిశోధనలో మంచి ఫలితం కనిపించింది. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో, ఉత్తుత్తి మందుతో పోల్చి 12 వారాలు చూస్తే, గుండె పంపింగ్ శాతంలో తేడా రాలేదు. దాంతో తెల్లమద్ది పనికిరాదని తేలిపోలేదు. వేల మంది మీద, ఏళ్ళ తరబడి చూడాల్సిన పని మిగిలే ఉంది. ఆ పని జరగకముందే నేను కెమెరా ముందు తీర్పు చెప్పేశాను. అదీ నా తప్పు.

లోపలి వాపు, మొక్క మందులు

చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇన్‌ఫ్లమేషన్ గురించి కూడా రెండు మాటలు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రగా వాచి వేడెక్కుతుంది కదా, అది ఒంటికి రక్షణ. అలాంటి మంట రక్తనాళం గోడలో, కంటికి కనపడకుండా, ఏళ్ళ తరబడి నడిస్తే లోపల పేరుకున్న కొవ్వు పగిలి గడ్డ కడుతుంది. గుండెపోటు అలా వస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గించకుండా వాపు ఒక్కదాన్ని తగ్గించినా గుండెపోట్లు తగ్గుతాయని 2017లో 10,000 మందికి పైగా రోగుల మీద చేసిన కాంటోస్ పరీక్షలో తేలింది.

చైనాలో వాపు తగ్గించే మూలికల్లో పేరున్నది లెయ్ గోంగ్ తెంగ్, అంటే ఉరుముల దేవుడి తీగ. కీళ్ళవాతానికి వాడతారు. అక్కడ జరిగిన పరీక్షల్లో బాగానే పనిచేసింది. కానీ అదే తీగ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మగవాళ్ళలో వీర్యకణాలు తగ్గిస్తుంది, ఆడవాళ్ళకి నెలసరి ఆపేస్తుంది. ఆకులు, పూలు, వేరు పైబెరడు విషం. బెరడు తీసేసిన లోపలి వేరు మాత్రమే, అదీ కొలతతో వాడాలి.

మన పక్కకి వస్తే కంచెల్లో పూసే అగ్నిశిఖ ఉంది కదా, అడవి నాభి అంటాం. తమిళనాడులో రైతులు గింజల కోసం పందిళ్ళేసి పండిస్తారు. దాన్లోంచి తీసే కోల్చిసిన్‌ని, రోజుకి 0.5 మిల్లీగ్రాముల చొప్పున, గుండె రోగుల్లో ప్రమాదాలు తగ్గించడానికి 2023లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఆ తర్వాత 2024లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో లాభం కనపడలేదు కూడా. శాస్త్రం అలాగే ముందుకీ వెనక్కీ నడుస్తుంది. కానీ ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. అర మిల్లీగ్రాము మందు, చిన్న దుంపముక్క మృత్యువు. మధ్యలో ఉన్నది కొలత ఒక్కటే.

పేరు తప్పితే ప్రాణమే పోతుంది

1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికల పొడి ఇచ్చారు. అందులో ఉండాల్సిన మూలికకీ, పొరపాటున కలిసిన మూలికకీ చైనా పేరు దాదాపు ఒకటే, రెండింటిలోనూ ఫాంగ్‌జి ఉంటుంది. కలిసింది అరిస్టలోకియా జాతి. దాదాపు 100 మంది ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. చాలామందికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఆ జాతి మొక్కల్ని ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన ఈశ్వరి తీగ అదే జాతి. పాము కాటుకని, కడుపునొప్పికని ఇప్పటికీ కొన్ని ఊళ్ళల్లో వేరు అరగదీసి ఇస్తున్నారు. దయచేసి లోపలికి ఇవ్వకండి. సీతాకోకచిలుకల కోసం కంచె మీద పెంచుకోండి, చాలు.

పులియబెట్టినవాటిలోనూ ఇదే గొడవ. చైనాలో బియ్యాన్ని ఒకరకం ఎర్ర బూజుతో పులియబెట్టి వాడతారు. అందులో కొలెస్ట్రాల్ తగ్గించే మొనకోలిన్ కె ఉంటుంది. 1987లో మాత్రగా అనుమతి పొందిన లోవాస్టాటిన్, ఇదీ ఒకటే పదార్థం. మంచిదే. కానీ 2024లో జపాన్‌లో ఎర్ర బియ్యం సప్లిమెంట్ వాడిన చాలామందికి కిడ్నీలు పాడైతే సరుకంతా వెనక్కి తీసుకున్నారు. తయారీలో వేరే బూజు చేరి విషం పుట్టిందని తేలింది. మనం డ్రమ్ములో జీవామృతం పులియబెడతాం, అది మట్టికి. మనిషి నోట్లోకి పోయేదాన్ని అదే ధీమాతో పులియబెట్టకూడదు.

రైతు పాత్ర ఎక్కడ?

ఇంత చెప్పాక, మరి మనకేం పని అంటారేమో. మనకే చాలా పని ఉంది.

చైనా ఔషధ ప్రమాణాల పుస్తకంలో డాన్‌షెన్ వేరుకి లెక్క రాసి ఉంది. సాల్వియనోలిక్ ఆమ్లం బి 3 శాతానికి, టాన్షినోన్లు 0.25 శాతానికి తగ్గకూడదు. 2020 ముద్రణలో 33 రకాల నిషేధిత పురుగుమందులు మూలికల్లో కనపడకూడదని పెట్టారు. ఎందుకు పెట్టాల్సి వచ్చింది? అక్కడా రైతులు విపరీతంగా మందులు కొట్టారు కాబట్టే.

సాంచీ అనే ఇంకో గుండె మూలిక ఉంది, జిన్‌సెంగ్ బంధువు. యున్నాన్ రాష్ట్రంలో వెన్షాన్ దానికి పుట్టిల్లు. షేడ్‌నెట్ల కింద మూడేళ్ళు పెంచితే గానీ వేరు చేతికి రాదు. ఒకసారి వేసిన నేలలో మళ్ళీ వేస్తే వేరుకుళ్ళు వచ్చి తుడిచిపెట్టుకుపోతుంది. ఏళ్ళ తరబడి ఆ నేలని వదిలెయ్యాలి. ఒకే పంట, నీడ, తేమ, దాని మీద మందుల పిచికారీ. మన మిర్చి, పత్తి కథే.

అక్కడ జు యోయోంగ్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. 2000 సంవత్సరంలో ఈయన బృందం యున్నాన్ వరిపొలాల్లో రెండు రకాల వరి కలిపి వేయించి అగ్గితెగులుని 94 శాతం తగ్గించి చూపించింది. నేచర్ పత్రికలో వచ్చింది. తర్వాత ఈయన సాంచీని పైన్ అడవి కిందకి తీసుకెళ్ళారు. చెట్ల నీడే నెట్టు, రాలిన ఆకే ఆచ్ఛాదన, మందులు లేవు. గిరిజన రైతులకి అదొక బతుకుదెరువు అయ్యింది. మనం రోజూ చెప్పే మాటే కదా ఇది! ఇదీ మన పాత్ర. మందు చెప్పడం మన పని కాదు. మందుకి పనికొచ్చే శుభ్రమైన, పేరు తప్పని, లెక్కకి నిలబడే వేరు పండించడం మన పని.

ఇంకో హెచ్చరిక. ఈ మధ్య ఒకాయన ఫోన్ చేసి, డాన్‌షెన్ పిలకలు మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం, ఎకరానికి లక్షలు అన్నాడు. అది చలి ప్రాంతాల మొక్క, మన కోస్తా ఎండల్లో దాని సంగతేంటి అంటే జవాబు లేదు. సఫేద్ ముస్లీ రోజులు మర్చిపోయామా? పిలకలు అమ్మినవాడే బాగుపడ్డాడు. కొనేవాడి చిరునామా, వేరు పరీక్ష చేసే ల్యాబు, రాతపూర్వకంగా ధర, ఈ మూడూ లేకుండా ఒక్క సెంటు కూడా వెయ్యకండి.

నేను పెట్టుకున్న నియమాలు

ఇకమీదట నా వీడియోల్లో నాలుగు పాటిస్తాను. మీరూ గుర్తుపెట్టుకుని, నేను తప్పితే నిలదీయండి.

ఒకటి, 'సహజం కాబట్టి హాని లేదు' అన్న మాట నా నోట రాదు. ఉమ్మెత్త సహజమే, గన్నేరు సహజమే.

రెండు, గుండె, కిడ్నీ, షుగర్, బీపీ మందులు వాడేవాళ్ళకి ఏ కషాయమూ చెప్పను. రక్తం పల్చబడే మాత్ర వేసేవాళ్ళకి మరీను. కూరలో అల్లం, వెల్లుల్లి, పసుపు ఎప్పటిలాగే తినొచ్చు. అవే పొడులుగా, క్యాప్సూళ్ళుగా గుప్పెడు గుప్పెడు వేసుకోవడం వేరు. వార్ఫరిన్ వాడేవాళ్ళు ఉన్నట్టుండి మునగాకు పొడి, ఆకుకూరలు బాగా పెంచేసినా, వాటిలోని విటమిన్ కె వల్ల మాత్ర పని తగ్గుతుంది. తినండి, కానీ రోజూ ఒకే తీరుగా తినండి, డాక్టరుకి చెప్పండి.

మూడు, ఆస్పత్రికి పోయినప్పుడు మందుల చీటీతోపాటు ఇంట్లో తాగే కషాయం పాకెట్టు, పొడి డబ్బా కూడా సంచిలో వేసుకెళ్ళండి. డాక్టరు విసుక్కున్నా సరే చూపించండి. డాక్టర్లకి కూడా నాదొక విన్నపం. "మందులేమైనా వాడుతున్నారా" అని కాకుండా "కషాయాలు, పొడులు, ఆకులు ఏమైనా తీసుకుంటున్నారా" అని అడగండి. మా పల్లెవాళ్ళు అప్పుడే చెప్తారు. తిడితే మాత్రం దాస్తారు.

నాలుగు, నా పొలంలో పండే ఏ ఔషధ మొక్కనైనా మొక్కగానే అమ్ముతాను. జబ్బు పేరు రాసి అమ్మను.

మొన్న వీడియో తీస్తున్నప్పుడు బావగారిని అడిగాను, "ఇంకా ఆ పాకెట్ ఉందా బావా" అని. అక్క లోపల్నుంచి తెచ్చింది, సగం మిగిలింది. పారేద్దామంటే బావగారు ఒప్పుకోలేదు. "పిల్లాడు తెచ్చాడు, ఉంచు. ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు చూపిద్దాం, ఆయనా తెలుసుకుంటాడు" అన్నారు. గడ్డిని, రక్తాన్ని బండిలో వేసుకుని ల్యాబుకి పోయిన ఆ విస్కాన్సిన్ రైతు గుర్తొచ్చాడు నాకు.

పోయినవారం నిజంగానే పట్టుకెళ్ళారు. ఐఎన్‌ఆర్ 2.9 వచ్చింది.

మీ ఇళ్ళల్లో ఇలాంటివి జరిగి ఉంటే, మంచైనా చెడైనా, కింద రాయండి. ఈ వీడియో పదిమందికి పంపకపోయినా పర్లేదు, గుండె మాత్ర వేసుకునే ఒక్కరికి పంపండి.

సెలవు మరి. వచ్చేవారం మళ్ళీ పొలంలో కలుద్దాం.